ధర్మవరంలో నేసిన పోలండు కాకి

తన శవపేటిక మీద కప్పడానికి పట్టుగుడ్డ నేయించుకుందామని ఒక పెద్దమనిషి పోలండు నుంచి ధర్మవరం వచ్చారు. ఆయన్ని వెంటబెట్టుకుని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగినదాన్ని నేను. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వి, తర్వాత నా వంక అదోలా చూస్తున్నారు. అందుకే నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను.

ఆయన పేరు యూలియాన్. నేను క్రాకోవ్‌లో చదువుకున్న రోజుల్లో వాళ్ళింటి మేడగదిలో అద్దెకుండేదాన్ని. ఆయన భార్య పోయినప్పుడు మా అమ్మ కొనిపెట్టిన ధర్మవరం చీర కట్టుకుని వెళ్ళాను. చావింటికి పట్టుచీరేమిటమ్మా అని మీరంటారు. నా దగ్గర ఉన్న నల్లచీర అదొక్కటే. ఆయన ఏడుస్తూనే నా చీర కొంగు పట్టుకుని జరీ వంక చాలాసేపు చూశారు. ఏళ్ళు గడిచాయి, నేను బెంగళూరులో స్థిరపడ్డాను, ఊరూరా పచ్చబోర్డుల ఎస్టీడీ బూతులు వెలిశాయి. ఒకరోజు ఆయన ఫోన్ చేసి, "నీ చీర నేసిన ఊరు ఇంకా ఉందా?" అని అడిగారు.

హిందూపురం: అట్టల ఇల్లు

హిందూపురంలో ఏ భాషలో ఆకలేసినా అన్నం దొరుకుతుంది. టిఫిన్ హోటల్ కుర్చీలో కూర్చుంటే సర్వర్ నాతో తెలుగు, పక్క బల్లతో కన్నడం, యూలియాన్ గారితో రెండు చేతులూ మాట్లాడాడు. ఐదు రూపాయలకు ప్లేటు ఇడ్లీ, అడక్కుండానే గిన్నెడు చట్నీ. మా తెనాలిలో రెండోసారి చట్నీ అడిగితే గల్లాపెట్టె దగ్గరి పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుంటాడు.

మేం వెళ్ళింది దస్తగిరి ఇంటికి. జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టడం ఆయన వృత్తి. బొమ్మను గ్రాఫు కాగితం మీద గళ్ళుగా గీసి, ఆ గళ్ళ ప్రకారం అట్టలకు చిల్లులు పెడతారు. ఆ అట్టలు దండగా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే ఏ పోగు లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. బొమ్మ ఫొటో నేను కొన్ని నెలల ముందే పంపాను. నీలం రంగు మీద వెండి గుర్రపునాడా, దాని మీద బంగారు శిలువ, శిలువ మీద నల్లని కాకి, కాకి ముక్కున ఉంగరం.

"నెమలి గీసినా, హంస గీసినా, చిలకలకైతే లెక్కే లేదు. కాకిని గీసింది మాత్రం ఇదే మొదులు మేడమ్," అన్నాడు దస్తగిరి. "ఇంతకీ ఇది ఏ పార్టీ గుర్తు?"

నవ్వాపుకుని చెప్పాను. ఇది పార్టీ గుర్తు కాదు, వంశం గుర్తు. పోలండు జమీందారీ కుటుంబాలకు ఇలాంటివి ఉండేవి. విచిత్రమేమిటంటే ఒక కుటుంబానికి ఒక గుర్తని కాదు, ఎక్కడెక్కడి కుటుంబాలో వందలకొద్దీ ఒకే గుర్తు కింద ఉంటాయి. ఇంటిపేర్లు వేరు, గోత్రం ఒకటి అన్నట్టు. మన గోత్రానికి బొమ్మ లేదు, వాళ్ళ గోత్రానికి ఉంది. అంతే తేడా. గుర్రపునాడాలు, బాణాలు, శిలువలు, నెలవంకలు, చూడబోతే సంతలో ఎద్దులకు వేసే వాతల్లా ఉంటాయి. తండ్రి గుర్తు కొడుకులందరికీ సమానంగా వస్తుంది, పెద్దవాడికొకటి చిన్నవాడికొకటి అని ఉండదు. కానీ బొమ్మలో ఒక్క గీత మారిస్తే అది ఇంకొక ఇంటిదైపోతుంది.

"ఈ సారుకు ఎంతమంది కొడుకులు?" దస్తగిరి అడిగాడు.

"లేరు. వాళ్ళింట్లో మిగిలింది ఈయనొక్కరే."

దస్తగిరి నాలుక కరుచుకున్నాడు. అట్టల కట్ట తెచ్చి యూలియాన్ గారి ఒళ్ళో పెట్టాడు. ఆయన ఒక అట్ట కిటికీకి అడ్డం పెట్టి చూశారు. కాకీ లేదు, గుర్రపునాడా లేదు, ఉన్నవన్నీ చిల్లులు. వాటిలోంచి ఎండ ఆయన ముఖం మీద చుక్కలు చుక్కలుగా పడింది. మశూచి వచ్చి పోయిన ముఖంలా కనిపించి నేను చూపు తిప్పుకున్నాను.

"మగ్గం ఎక్కితే బొమ్మ తేలుతాది సామీ. దుడ్లు ఆమీద ఇద్దురు లే, ముందు టీ తాగండి," అన్నాడు దస్తగిరి.

సందులోంచి బయటికి నడుస్తూ యూలియాన్ గారు అసలు సంగతి చెప్పారు. వాళ్ళలో పాతకాలపు ఆనవాయితీ ఒకటుంది. వంశంలో ఆఖరి మగవాడు పోయినప్పుడు సమాధి దగ్గర అతని పేరు గట్టిగా పిలిచి, గుర్తున్న డాలును పగలగొడతారు. ఇంటికి తాళం వేసినట్టు. ఆ పని చేసేవాళ్ళు వంశానికి పరాయివాళ్ళై ఉండాలి.

"డాలు ఎప్పుడో పోయింది. అందుకే గుడ్డ. దాన్ని రెండుగా కోసేది నువ్వే. నువ్వు మా వంశం కాదు, మా మతం కాదు, మా దేశమే కాదు. ఇంతకంటే పరాయిదాన్ని నేనెక్కడ వెతకను?"

"నా వల్ల కాదండీ," అన్నాను.

"వల్ల కాకపోతే ఈ ఇల్లు తెరిచే ఉండిపోతుంది. తెరిచి ఉన్న ఇంట్లోకి ఏదైనా వస్తుంది," అన్నారు, వర్షం వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, మొహమాటం మాత్రం చాలా ఉంది. సరేనన్నాను. ఆ 'సరే' అప్పటినుంచి గొంతులో చేపముల్లై కూర్చుంది.

సోమందేపల్లి: చేతి ముద్దు

పెనుకొండ దారిలో బస్సు సోమందేపల్లిలో ఆగింది. రోడ్డు పక్క బంకులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు, అదే మన మరమరాలు, నానబెట్టి తాలింపు వేస్తే అంత రుచి ఎలా వస్తుందో మా వైపు వాళ్ళకు తెలియదు. బొరుగులంటే మాకు పిల్లల తాయిలం. యూలియాన్ గారు బజ్జీ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అయినా రెండోది వదల్లేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆడవాళ్ళు చేయి చాపితే వంగి ముద్దు పెట్టుకోవడం వాళ్ళ తరంలో మర్యాద. బంకు ఆవిడ చిల్లర ఇవ్వడానికి చేయి చాపింది. ఈయన టోపీ తీసి, వంగి, ఆ చేతికి ముద్దు పెట్టారు. చిల్లరంతా కింద పడింది.

"ఏమమ్మా, ఈయప్పకేమన్నా పూనిందా?" అందావిడ నాతో.

"లేదక్కా, వాళ్ళ దేశంలో అది దండం."

ఆవిడ చేతిని కొంగుకు తుడుచుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పెదాలు మంచు మాదిరి ఉండాయి. ఇంత ఎండలో!" అంది. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. నేను బతికాను.

పెనుకొండ: దిక్కులేని గుర్తు

పెనుకొండలో రాజుల మహళ్ళు, బురుజులు, పడిపోయిన గోడలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఊళ్ళోవాళ్ళు వాటి నీడలో వడియాలు ఎండబెట్టుకుంటారు. కొండ కింద ముళ్ళచెట్ల మధ్య ఒక బండ వెల్లకిలా పడి ఉంది. దాని మీద పంది, పంది ముందు కత్తి, పైన సూర్యుడు, చంద్రుడు. విజయనగరం వాళ్ళ గుర్తు. యూలియాన్ గారు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గీతల్లోని మట్టిని గోటితో తీయడం మొదలుపెట్టారు.

గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన ఒకడు నిలబడి చూస్తున్నాడు. "ఈ రాజుల వంశం వాళ్ళు ఉన్నారా?" అని ఆయన తరఫున నేను అడిగాను.

"యాడుండారమ్మా! అయిపోయ."

"మరి ఈ రాయిని ఎవరూ పగలగొట్టలేదా?"

"రాయి ఏం జేసింది పగలగొట్టేకి? అట్లే పడుండాది."

నేను తర్జుమా చేశాను. యూలియాన్ గారు మట్టి తీయడం ఆపేశారు. "యజమాని లేని గుర్తును ఇలా వదిలేస్తే అది ఊరుకుంటుందా? తిరగదా? అడుగు," అన్నారు. ఏం ప్రశ్న ఇది అనుకుంటూనే అడిగాను.

ముసలాయన నవ్వలేదు. కట్టె మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. "తిరుగుతాది గదమ్మా మరి. మనిషి లేని పేరు మనిషి కోసరం ఎతుక్కుంటాది. నా గొర్రెలు చూడు, ఈడ గడ్డి ఎంతున్నా ఈ బండ దగ్గరికి రావు."

నిజంగానే గొర్రెలన్నీ బండను తప్పించుకుని, నీటిలో రాయికి అటూ ఇటూ ప్రవాహం చీలినట్టు చీలి పోతున్నాయి. ముళ్ళకంపకు భయపడి ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం చింతచిగురు పప్పు, రాగిసంగటి తిన్నాం. యూలియాన్ గారు ముద్దను వేళ్ళతో నొక్కుతూ కూర్చున్నారు. ధర్మవరం త్వరగా పోదాం అన్నారు.

ధర్మవరం: గుంట

ధర్మవరంలో చెప్పులు విప్పి వీధిలో నిలబడితే పాదాల కింద చప్పుడు తెలుస్తుంది. ఇంటింటా మగ్గాలు. గొళ్ళెం వేసిన తలుపును ఎవరో లోపలినుంచి బాదుతున్నట్టుంటుంది. ఒక పూటకు అలవాటవుతుందన్నారు. నాకు కాలేదు.

మా నేతగాడు ఓబులేసు. భార్య, తల్లి నాగమ్మవ్వ, అతను. ఇంటికి ఉన్నది ఒకటే పెద్ద గది, గది మధ్యలో గుంట, గుంటలో మగ్గం. అతను నడుము దాకా నేలలో దిగి నేస్తాడు. గడపలో అడుగు పెట్టగానే యూలియాన్ గారు టోపీ తీసేశారు. వాళ్ళ దేశంలో మనిషి నేలలోకి దిగితే టోపీ తీస్తారు.

గుడ్డ దేనికని అడిగితే, గుళ్ళో కప్పడానికని చెప్పాను. శవం మీదికని చెబితే మగ్గం ముట్టనివ్వరు. కాకి సంగతి విని ఓబులేసు తల ఊపాడు. "శనీశ్వరుని వాహనం గదమ్మా, గుడికైతే తప్పు లే." పోలండులో శనీశ్వరుని గుడి కట్టించిన పాపం నాదే.

మొదటిరోజు అట్టలు ఎక్కించారు. ఓబులేసు అన్నానికి లేవగానే యూలియాన్ గారు బూట్లు విప్పి, మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నారు. అటూ ఇటూ మట్టిగోడలు తడిమి చూసి, "చల్లగా ఉంది. కొలత సరిపోయింది," అన్నారు.

నాగమ్మవ్వ పొయ్యి దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చింది. "లేయప్పా పైకి! ఆ గుంటలో నేసేవాడే కూసోవాల. ఊరికే కూసుంటే గుంట ఆ మనిషికి మరిగిపోతాది!" నేను తర్జుమా చేసేలోపే ఆయన లేచి, తప్పు చేసిన పిల్లాడిలా ఆమె చేతిని ముద్దు పెట్టుకోబోయారు. నేను మధ్యలో దూరాను.

గుడ్డ పెరుగుతోంది గాని బొమ్మ కనిపించదు. అక్కడ గుడ్డను బోర్లా నేస్తారు, ముఖం కిందికి ఉంటుంది. పైన మనకు కనిపించేది దారాల చిందరవందర. రోజూ పొద్దున్నే వెళ్ళి గోడకానుకుని కూర్చునేవాళ్ళం. ఓబులేసు భార్య మరమరాలూ టీ ఇచ్చేది. నల్లదారం చుట్టిన నాడె పోగుల మధ్య అటునుంచి ఇటు పోయినప్పుడల్లా యూలియాన్ గారి పెదవులు కదిలేవి. ప్రార్థనేమో అనుకున్నాను. చెవి పెట్టి వింటే అది ఒక పేరు. ఎవరిదో తెలియలేదు.

మూడోనాటికి నాగమ్మవ్వ ముభావంగా మారింది. రోజూ పిట్టగోడ మీద కాకులకు ఇంత మెతుకు పెట్టడం ఆమె అలవాటు. "ఈ పట్టు ఎక్కినప్పటి నుంచి ఒక్క కాకీ రాలే. అన్నం అట్లే ఎండిపోతాంది," అంది. తర్వాత కొడుకుతో, "బిరీన దించు నాయనా దాన్ని," అంది. నేను గోడ మీదికి చూశాను. అన్నం మెతుకులు ఎండి పలుకులైపోయాయి.

ధర్మవరం: బొమ్మ తిరిగింది

నేత అయిపోయిన రోజు పొద్దున, మగ్గం మీదినుంచి కోయకముందే ఓబులేసు గుడ్డను చుట్ట విప్పి ముఖం పైకి తిప్పాడు. నీలం పట్టు, వెండి జరీ గుర్రపునాడా, బంగారు శిలువ. ఎంత బాగా కుదిరిందంటే ఒక్క క్షణం నేనూ గమనించలేదు.

శిలువకు అటొకటి, ఇటొకటి, ఎదురెదురుగా రెండు కాకులున్నాయి. వాటి ముక్కుల మధ్య ఒకటే ఉంగరం. రెండూ చెరో వైపు పట్టుకుని ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క కాకి ఉన్న పటం పంపితే రెండు నేస్తారా? ఈయన ఎంత దూరంనుంచి వచ్చారో తెలుసా మీకు?"

ఓబులేసు బెదిరిపోయాడు. "పటం మేము సూడలేదమ్మా. అట్టలు ఎట్ల జెప్తే మగ్గం అట్ల నేస్తాది."

వీధి చివర బూతుకు పరుగెత్తి దస్తగిరికి ఫోన్ చేశాను. "అయ్యో మేడమ్! అలవాటు చొప్పున సగమే గీసినా. మాకు పిట్టలంటే జంటే గదా, సగం గీస్తే తక్కిన సగం మగ్గమే తిప్పి ఏసుకుంటాది. పట్టు మీద ఒంటిపిట్ట ఎక్కదు మేడమ్, పెండ్లి గుడ్డ గదా అని చెయ్యి అట్లే పోయింది. మళ్ళా కొట్టిస్తా, దుడ్లు వద్దు." మనసు కుదుటపడింది. కారణం దొరికింది కదా, కారణం దొరికితే భయం ఉండదు. ఒక్క గీత మారినా ఇంకో ఇంటి గుర్తయిపోయే ఆ దేశంలో ఇది పనికిరాదు, మళ్ళీ నేయిద్దాం, ఇంకో వారం ఉందాం అనుకుంటూ తిరిగి వచ్చాను.

యూలియాన్ గారు గుడ్డ ముందు కింద కూర్చుని ఉన్నారు. నేను చెప్పిందేమీ వినలేదు.

"ఎవరికి చెప్పాను నేను?" అన్నారు. "నీకు చెప్పానా?"

"ఏమిటండీ?"

"మేం కవలలం. వాడి పేరు ఆడమ్. యుద్ధంలో రష్యావాళ్ళు చిన్నపిల్లలమైన మమ్మల్ని సైబీరియాకు తోలుకుపోతుంటే రైలు పెట్టెలో మా అమ్మ పెళ్ళి ఉంగరం ఇచ్చి ఒక రొట్టె ముక్క తెచ్చింది. పంచడానికి కత్తి లేదు. చెరో చివర పళ్ళతో పట్టుకుని తిన్నాం. మర్నాడు వాడు లేవలేదు. రైలు ఆగినచోట మంచులో పెట్టేశారు. పేటిక లేదు, శిలువ లేదు, గుర్తు లేదు. అమ్మ ఆ పేరు మళ్ళీ అననివ్వలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు."

ఆయన వేలు ఆ ఒక్క ఉంగరం మీద ఉంది. నేను ఓబులేసు వాళ్ళకు తర్జుమా చేయలేదు. చెప్పకుండానే వాళ్ళకు ఏదో అర్థమైంది. ఇంట్లో మగ్గం ఆగినా పక్కిళ్ళ మగ్గాలు కొడుతూనే ఉన్నాయి.

"మళ్ళా నేస్తాం సామీ," అన్నాడు ఓబులేసు మెల్లగా.

"వద్దు," అన్నారు యూలియాన్ గారు. ఆ ముక్క తెలుగులోనే అన్నారు.

నాగమ్మవ్వ చిన్న కత్తి కడిగి పసుపు రాసి తెచ్చింది. మగ్గం మీదినుంచి పట్టు కోసేది వాళ్ళింట్లో ఆమే. కోసేటప్పుడు అది ఎవరి ఒంటి మీదికి పోతుందో వాళ్ళ పేరు పిలిచి కోయడం ఆ ఇంటి అలవాటట. పెండ్లిచీరైతే పెండ్లికూతురి పేరు, గుడికైతే దేవుడి పేరు. "ఎవరి పేరు జెప్పి కొయ్యాల? అడుగమ్మా," అంది.

పరాయి చెయ్యి, కత్తి, గట్టిగా పిలిచే పేరు. నేను క్రాకోవ్ సమాధుల దొడ్లో చేయవలసింది ఇక్కడ, మగ్గం గుంట పక్కన, ఏమీ తెలియని ముసలమ్మ చేయబోతోంది. ఆయన ఒక్క పేరు చెబితే ఆయన బతికుండగానే ఇల్లు మూతపడుతుంది. చెప్పవద్దని ఆయన్ని ఆపుదామనుకున్నాను. అడగమంది గనక అడిగాను.

"యూలియాన్," అన్నారు. రెండో కాకి మీద వేలు పెట్టి, "ఆడమ్," అన్నారు.

"ఊలియానూ, ఆదామూ," అని నాగమ్మవ్వ గొంతెత్తి పిలిచింది, గుమ్మం బయట ఆడుకుంటున్నవాళ్ళను అన్నానికి పిలిచినట్టు. కత్తి సర్రుమంది. గుడ్డ ఊడి ఆయన ఒళ్ళో పడింది. అరవై ఏళ్ళుగా ఎవరూ పిలవని పేరు అది. యూలియాన్ గారు చప్పున గుమ్మం వైపు చూశారు. నేను చూడలేదు. కాకులు వచ్చాయో లేదో కూడా చూడలేదు.

రైల్లో అడిగాను, మీ ఆనవాయితీ ఇప్పుడేమవుతుందని. "ఆఖరివాడిదైతే ఒక్క పేరే పిలవాలి," అన్నారు. "రెండు పిలిస్తే మూసినట్టు కాదు. ఇక నీకు ఆ పని లేదమ్మా." చేపముల్లు దిగినట్టయింది. సంతోషించాను, నిజంగానే సంతోషించాను. మూయడానికి వచ్చి తెరిచి పోతున్నామని అప్పుడు తోచలేదు.

బెంగళూరు: ఫోను

ఇంటికి చేరి అన్నీ మామూలయ్యాయి. ఉగ్గాని చేయబోయి బొరుగులు ముద్ద చేశాను. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆయనకు ఫోన్ చేశాను. ఆ పూట పోలండులో ఒక ఆచారం ఉంది, భోజనాల బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతారు. దారితప్పి ఎవరైనా వస్తారేమోనని. నేను అక్కడున్న అన్నేళ్ళూ అది ఖాళీగానే ఉండేది.

ఆయన గొంతు హుషారుగా ఉంది. గుడ్డ ఇంటికి తెచ్చి గోడకు వేలాడదీశానన్నారు. నేను ఏదో మాట్లాడాలని, "ఒక్కరే తింటున్నారా? ఖాళీ కంచం పెట్టారా?" అన్నాను.

"పెట్టాను. ఈ ఏడు ఖాళీగా లేదు," అన్నారు. "ఉండు, వాడితోనూ మాట్లాడు, ధర్మవరం అంటే వాడికి ఇష్టం."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. దూరంగా కుర్చీ జరిగింది. చిన్న అడుగులు ఫోను వైపు వస్తున్నాయి.

ఎవరైనా ఎత్తేలోపు నేను పెట్టేశాను.